నరాల జబ్బుకు నీటిలో వ్యాయామం

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే జబ్బు పేరు మన హాస్టల్ మిత్రులలో చాలామంది విని ఉండరు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన మెదడు, వెన్నుపాములలోని నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను దెబ్బతీయడం వలన ఈ జబ్బు వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ఎక్కువగా 20 నుండి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. చూపు మసకబారడం, కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, విపరీతమైన అలసట దీని లక్షణాలు. పైకి బాగానే కనబడే మనిషి కాబట్టి ఇంట్లోవాళ్లే "బద్ధకం" అనుకుంటారు.

వేడితోనే చిక్కు

ఈ జబ్బు ఉన్నవారికి వ్యాయామం మేలు చేస్తుంది. కాని ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరాలలో సంకేతాలు మరింత మందగిస్తాయి. దీనిని 1890లో ఉహ్తోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గుర్తించారు. ఒళ్లు చల్లబడితే ఈ ఇబ్బంది తగ్గిపోతుంది. మన విశాఖలో ఎండకు ఉక్కపోత కూడా తోడు. చెమట పడుతుంది గాని ఆరదు. అందుకే వీరికి వేసవిలో రోడ్డు మీద నాలుగడుగులు వేయడమే గగనమవుతుంది.

నీరు చేసే మేలు

ఛాతీ లోతు నీటిలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు సుమారు మూడో వంతే. అంటే 60 కిలోల మనిషి 20 కిలోల బరువే మోస్తాడు. నీరు గాలికంటె ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తూలినా ఒక్కసారిగా పడిపోనివ్వదు. అడుగు వేస్తే ఎదురు నెట్టి కండరాలకు పని చెబుతుంది. నీరు 27 - 29 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. కీళ్లనొప్పులకు వాడే వేడినీటి కొలను వీరిలో చాలామందికి పనికిరాదు.

ఎలా చేయాలి?

ముందుగా న్యూరాలజీ డాక్టరును, ఫిజియోథెరపిస్టును అడగాలి. ఈత రానక్కరలేదు. కొలను గట్టు కమ్మీ పట్టుకుని ముందుకు, వెనక్కు, పక్కకు నడవడం, మోకాళ్లు పైకెత్తడం, నీటిలోనే చేతులు ఊపడం చాలు. మొదట 10 నిమిషాలు చేసి, అలసట రాకముందే ఆపాలి. పక్కన మనిషి తప్పక ఉండాలి. కొలను చుట్టూ తడినేల జారుతుంది, జాగ్రత్త.

సముద్రం పక్కనే ఉంది కదా అని ఆర్.కె. బీచ్‌కో, యారాడకో తీసుకుపోవద్దు. అక్కడి అలలు, లాగే ప్రవాహాలు గట్టివాళ్లనే ముంచేస్తాయి.

ఈ వ్యాయామం జబ్బును నయం చేయదు. మందులు మానకూడదు. కాని నడక, ధైర్యం నిలబెట్టుకోవడానికి తోడ్పడుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే చదువులో రిజర్వేషన్ అడగవచ్చు. మన ఇంట, మన పేటలో ఇలా కాళ్లీడ్చేవారు, అలసి కూలబడేవారు ఉంటే బద్ధకస్తులని తిట్టక ముందు ఆసుపత్రికి తీసుకువెళ్దాం. సర్టిఫికెట్ కోసం దరఖాస్తు నింపి పెట్టడం చదువుకున్న మన పని.