ఆసియన్ అని టిక్ పెడితే సీటు పోతుందా?

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో పిల్లలు పదకొండో తరగతికి వచ్చారంటే చాలు, ఒక సలహా చెవిన పడుతుంది: "అప్లికేషన్‌లో ఆసియన్ అని టిక్ పెట్టకురా, సీటు రాదు." ఈ భయం ఉత్తదేమీ కాదు. కాకపోతే పాతబడింది.

ముందు మన ఎంసెట్ లెక్కను పక్కన పెట్టాలి. మనకు ర్యాంకు, కేటగిరీ, కటాఫ్ ఉంటాయి. ఏ కేటగిరీకి ఎన్ని సీట్లో ముందే తెలుసు. అలాంటి కోటాను అమెరికా సుప్రీంకోర్టు 1978లోనే కొట్టేసింది. కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీలకు విడిగా ఉంచడం చెల్లదంది. అయితే విద్యార్థిని అన్ని వైపులా తూచేటప్పుడు జాతినీ ఒక అంశంగా చూసుకోవచ్చని చిన్న సందు వదిలింది. ఆ సందులోంచే నలభై అయిదేళ్లు బండి నడిచింది. కాలిఫోర్నియా మాత్రం 1996లోనే ప్రజల ఓటుతో తన ప్రభుత్వ యూనివర్సిటీల్లో దాన్ని మూసేసింది. కాబట్టి బర్క్‌లీకి దరఖాస్తు పెడుతూ జాతి గురించి బెంగపడేవాళ్లు ఎప్పుడో ముగిసిన గొడవకు భయపడుతున్నట్టే.

ఆ తూకం లోపల ఎలా ఉండేదో హార్వర్డ్ మీద 2014లో పడిన కేసు బయటపెట్టింది. చదువు, వ్యాపకాలు, ఆటలు, వ్యక్తిత్వం ఇలా ఒక్కోదానికి ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడు. ఒకటి వస్తే గొప్ప. ఆ పైన నలభై మంది కమిటీ ఓటు. చివర్లో ఇంకా పేర్లు ఎక్కువైతే కొన్నిటిని కొట్టేసే దశ, దాన్ని 'లాప్' అనేవారు. ఆ జాబితాకెక్కిన విద్యార్థి గురించి కాగితం మీద నాలుగే సంగతులు: అమ్మానాన్నలు ఇక్కడ చదివారా, ఆటల కోసం ఎంచుకున్నవాడా, ఆర్థిక సాయానికి అర్హుడా, జాతి ఏమిటి.

నన్ను ఎక్కువ కలచివేసింది మాత్రం వ్యక్తిత్వం గడి. మార్కుల్లో ముందున్న ఆసియన్ అమెరికన్ పిల్లలకు అక్కడ సగటున తక్కువ గ్రేడు పడింది. వేసిన అధికారులు వాళ్లలో చాలామందిని కళ్లతో చూసి కూడా ఉండరు. ఇందులో ఉద్దేశపూర్వక వివక్ష లేదని కింది కోర్టులు రెండూ హార్వర్డ్ పక్షానే నిలిచాయి. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2023 జూన్ 29న ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పుతో జాతిని బట్టి మొగ్గు చూపడం ఆగిపోయింది.

తరవాత అంతా మనవాళ్లకే కలిసొచ్చిందా? ఎంఐటీలో కొత్తగా చేరినవారిలో ఆసియన్ అమెరికన్ల వాటా 2024లో 40 నుంచి 47 శాతానికి పెరిగింది, నల్లజాతివారిది 15 నుంచి 5కు పడిపోయింది. అదే ఏడాది యేల్‌లో ఆసియన్ అమెరికన్ల వాటా 30 నుంచి 24కు తగ్గింది! ఒకే తీర్పు, రెండు కాలేజీలు, రెండు దారులు.

తీర్పు ముట్టుకోనిది ఇంకొకటుంది. హార్వర్డ్ కేసులో బయటికొచ్చిన లెక్కల ప్రకారం, సీటొచ్చిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతం మంది ఆటగాళ్లో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలోని వారో. టిక్ గురించి గుసగుసలాడే మనం దీని ఊసే ఎత్తం.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఎంఎస్‌కు వెళ్లేవారికి ఈ పేచీయే లేదు. కాలేజీలు వాళ్లను జాతుల లెక్కలో కలపవు, విదేశీ విద్యార్థులుగా విడిగా చూపిస్తాయి.

ఇక ఆ టిక్ అంటారా, పెట్టడం పెట్టకపోవడం పిల్లల ఇష్టం. ఆ జవాబు తమకు కనిపించకుండా చేసుకునే వీలు ఇప్పుడు కాలేజీలకు ఉంది. వ్యాసంలో మాత్రం తన జాతి తన బతుకును ఎలా మలిచిందో రాయొచ్చని తీర్పే చెప్పింది. అందులో కనబడే ధైర్యానికో నేర్పుకో విలువ కట్టొచ్చు, జాతి పేరుకు కాదు. అమ్మమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆవిడ తెలుగును ఇంగ్లిష్‌లో చెప్పిన రోజు గురించి మీ అమ్మాయి రాస్తానంటే, దయచేసి చెరిపించకండి.