పడవే ఇల్లయ్యే రోజులు

మచిలీపట్నం గిలకలదిండి రేవు నుంచి లోతు సముద్రానికి పోయే మరబోట్లలో కొన్నాళ్లపాటు పడవే ఇల్లూ వంటగదీ అవుతుంది కనుక, ఒడ్డున చేసుకునే సన్నాహమే సగం ప్రయాణం. మొదట లెక్క చూడవలసినది మంచినీరు. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున ఎనిమిది మందికి పది రోజులకు తాగడానికే 240 లీటర్లు కావాలి, వంటనీరు అదనం. దాహానికి సముద్రపు నీరు తాగితే, అందులోని ఉప్పును విసర్జించడానికి మూత్రపిండాలు తాగినదానికన్నా ఎక్కువ నీటిని ఖర్చుచేయడంతో ఒళ్లు మరింత ఎండిపోతుంది. అందుకే గిన్నెలు ఉప్పునీటితోనే తోమి, మంచినీటిని విడివిడి డ్రమ్ముల్లో నింపితే, ఒకటి కారినా మిగిలినవి దక్కుతాయి. పొయ్యిని కదలకుండా బిగించి, అన్నం గిన్నెను సగానికి మించి నింపకపోతే అలల ఊపుకు గంజి ఒలికి ఒళ్లు కాలదు.

రేవు మొగలో ఇసుక మేటలు వేస్తాయి గనుక, సముద్రమట్టం పెరిగే పోటు వేళ చూసుకునే దాటాలి.

వాతావరణం విషయంలో ఏమరుపాటు అసలే తగదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ తీరం మరువరానిది. రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. వాటిలో 8, 9, 10 మహా ప్రమాదానికి గుర్తులు. తుపాను కబురు అందితే, వల ఎంత బరువుగా ఉన్నా ఒడ్డు చేరడమే సరైన పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధం ఇంజను, అడుగు చెక్కల మరమ్మతుకు అనువైన సమయం.