ఆఢ్యవాతము

రాత్రి కడుపార భుజించి నిదురించిన మనుష్యుడు తెల్లవారక మునుపే కాలి బొటనవ్రేలి బాధతో మేల్కొనును. వ్రేలి మొదలు ఎర్రబారి, వాచి, నిప్పువలె మండుచుండును. దుప్పటి అంచు సోకినను ఓర్వలేడు. వారము పది దినములలో ఆ బాధ తనంతట తానే శమించును; అతడును దానిని మరచిపోవును. కొన్ని నెలలకో, ఒకటి రెండేండ్లకో అది మరల వచ్చును. పాశ్చాత్యవైద్యులు గౌట్ అని పిలుచు ఈ వ్యాధి లక్షణములు ఆయుర్వేదమున వాతరక్తమను రోగముక్రింద వర్ణింపబడియున్నవి. వాతరక్తము గౌట్ కంటె విస్తృతమైన పేరు. అయినను రెంటిని పోల్చి చూచుటకు తగినంత సామ్యము కలదు.

చరకసంహిత చికిత్సాస్థానమున 29వ అధ్యాయమంతయు ఈ రోగమును గూర్చినదే. అందు దీనికి ఖుడము, వాతబలాసము, ఆఢ్యవాతము అను నామాంతరములు చెప్పబడినవి. ఆఢ్యుడనగా ధనవంతుడు. సుకుమారులై, మృష్టాన్నములు భుజించుచు, నడక యెరుగని వారికి ఇది తరచుగా సంక్రమించునని ఆ గ్రంథము తెలుపుచున్నది. ఐరోపాఖండమునను ఇది చిరకాలము ప్రభువుల వ్యాధిగా పేరొందినది. నేడు మాత్రము ఇది సంపన్నుల గడపకడనే ఆగుట లేదు.

రోగము పుట్టు విధమును చరకుడు చక్కని ఉపపత్తితో వివరించెను. ఉప్పు, పులుపు, కారము మితిమీరిన ఆహారము, మద్యము, పగటి నిద్ర, రాత్రి జాగరణము మొదలగు వానిచే రక్తము దూషితమగును. అది ప్రకోపించిన వాయువు మార్గము నడ్డగించును. అట్లు చెడిన వాతరక్తములు దేహమంతట ప్రసరించుచు, కీళ్లయందలి వంకరలకడ తాకి అచ్చటనే నిలిచిపోవును. ఏటి ఒండ్రు మలుపులకడ పేరుకొనుట చూచినవారికి ఈ ఊహ వింతగా తోపదు.

ఇచ్చట ఇద్దరు ఆచార్యుల అభిప్రాయభేదము ఒకటి కలదు. విద్యార్థులు దీనిని గమనింపవలెను. చరకుని మతమున ఈ వ్యాధి రెండు విధములు: చర్మమాంసముల నాశ్రయించినది ఉత్తానము, లోతుగా నాటుకొన్నది గంభీరము. సుశ్రుతుడు ఈ విభాగము నంగీకరింపలేదు. అవి రెండు వ్యాధులు కావు, ఒక్క వ్యాధియే మొదట పైపైని ఉండి కాలక్రమమున లోనికి దిగునని ఆయన వాదము. ఎలుకవిషమువలె ఇది పాదములనుండి మెల్లగా దేహమంతట ప్రాకునని ఆయన ఉపమానము. ఏడాది దాటిన వాతరక్తము యాప్యమని, అనగా చికిత్సతో అదుపున నుంచదగినదే కాని సమూలముగ పోగొట్టదగినది కాదని కూడ ఆయన హెచ్చరించెను.

ఆధునిక పరిశోధన ఈ దృష్టికి మిక్కిలి చేరువగ వచ్చినది. 1848లో ఆల్ఫ్రెడ్ గ్యారడ్ అను ఆంగ్లవైద్యుడు గౌట్ రోగుల రక్తమున యూరికామ్లము అధికముగ నుండుట కనుగొనెను. 1961లో మెకార్టీ, హోలండర్ అను అమెరికా వైద్యులు కీలునందలి ద్రవమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, సూదులవంటి యూరేటు స్ఫటికములను గుర్తించిరి. రక్తమున యూరికామ్లము డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు మించినచో అది కరగక స్ఫటికములు కాజొచ్చును. శరీరమున చల్లనిభాగమగు కాలివ్రేలు అందులకు అనువైన చోటు. బాధ తగ్గిన దినములలోను ఆ స్ఫటికములు కీలునందే యుండును. ఉపేక్షించిన ఏండ్ల తరబడి పెరిగి గడ్డలు కట్టును; కీళ్లను అరగదీయును; మూత్రపిండములలో రాళ్లకు హేతువగును. కనుక నొప్పి పోవుట వేరు, వ్యాధి పోవుట వేరు.

చికిత్సయందు ఆయుర్వేదము తిప్పతీగకు అగ్రస్థాన మిచ్చినది. అష్టాంగహృదయమున ఒక్కొక్క రోగమునకు శ్రేష్ఠమైన ఔషధమును చెప్పుచు వాగ్భటుడు వాతరక్తమునకు దీనినే పేర్కొనెను. తిప్పతీగ, త్రిఫలములు, గుగ్గులు చేరిన కైశోరగుగ్గులు శార్ఙ్గధరసంహితలోనిది. విరేచనము, రక్తమోక్షణము, పైపూతకు పిండతైలము కూడ విహితములు. ఈ రోగమున వస్తితో సమానమైన చికిత్స లేదని చరకుడు నొక్కి చెప్పెను.

పథ్యమునకు వత్తుము. ప్రాతబియ్యము, యవలు, గోధుమలు, పెసలు, పాలు హితములు. మినుములు, ఉలవలు, చెరకు, పెరుగు, మద్యము అహితములని చరకుడు చెప్పెను. మద్యము, మాంసము, చేపలు, అధికమైన తీపి పానీయములు యూరికామ్లమును పెంచునని, పాలు మేలుచేయునని నేటి శాస్త్రము నుడువుచున్నది. పెరుగును మాత్రము అది నిషేధింపదు. పప్పులు, ఆకుకూరలు మాంసమువలె హానికరములు కావనియు చెప్పును. ఒక పట్ల ఏకీభావము, మరియొక పట్ల భేదము. రెంటిని దాచక చెప్పుటయే శాస్త్రమునకు గౌరవము.

సాహసము మాత్రము పనికిరాదు. గౌట్ బాధకు వాడు కాల్చిసిన్ అడవినాభి దుంపయందును కలదు. దానిని ఇంట నూరి మ్రింగినవారికి ప్రాణాపాయము తప్పదు. తిప్పతీగ సేవించిన కొందరికి కాలేయము చెడినట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ దాని నంగీకరింపలేదు. వివాద మెట్లున్నను, వైద్యుని పర్యవేక్షణ లేక నెలల తరబడి కషాయము త్రాగుట ఉచితము కాదు. తిప్పతీగ ఒక్కటే యూరికామ్లమును అదుపున నుంచునని నిరూపించు పరీక్షలు చాలినన్ని లేవు. అల్లోప్యూరినాల్ వంటి మందులు వాడువారు కషాయమును నమ్మి వానిని తమంతట మానరాదు. యూరికామ్లము 6 మిల్లీగ్రాములకు లోబడి నిలుచుచున్నదో లేదో రక్తపరీక్షయే చెప్పవలెను.

బాధ తగ్గిన మరుదినమే పథ్యమును, మందును విడుచుట మానవస్వభావము. ఆ దినముననే వ్యాధి లోనికి దిగనారంభించును. సుశ్రుతుడు సూక్ష్మదర్శినిని ఎరుగడు; రోగిని ఏండ్ల తరబడి చూచిన కన్నులే ఆయనకు సాధనములు. ఆ కన్నులు కనిపెట్టిన సత్యమును నేటి రోగి రక్తపరీక్ష పత్రమున ప్రతిమారు చదువుకొనవచ్చును.