మైకు అందని సాక్ష్యం

అమెరికన్లకు బేస్‌బాల్ మన క్రికెట్ లాంటిది. అందులో బంతి విసిరేవాణ్ని పిచర్ అంటారు. మన ఫాస్ట్ బౌలర్‌లా దూరం నుంచి పరుగెత్తుకు రాడు. ఉన్నచోటు నుంచే బలమంతా భుజంలోకి తెచ్చుకుని విసురుతాడు. ఆ భుజమే అతనికి బతుకుదెరువు.

డేవ్ డ్రావెకీ ఎడమచేతి వాటం పిచర్. మైనర్ లీగుల్లో ఆడుతున్న రోజుల్లోనే క్రీస్తును నమ్ముకున్నారు. 1982లో శాన్ డియాగో పాడ్రెస్ జట్టులో చేరి, మరుసటి ఏడాదే ఆల్‌స్టార్ ఆటకు ఎంపికయ్యారు. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు మారారు. 1988లో ఆ ఎడమ చేతిలోనే కణితి బయటపడింది. అక్టోబరులో ఆపరేషన్ చేసి, భుజాన్ని కప్పి ఉండే కండరంలో సగం తీసేశారు. మళ్లీ ఆడతాడని డాక్టర్లకు ఆశ లేదు.

పది నెలలు తిరిగాయి. 1989 ఆగస్టు 10న డేవ్ మైదానంలోకి వచ్చి, ఎనిమిది ఇన్నింగ్స్ బంతి విసిరి, సిన్సినాటి రెడ్స్‌పై తన జట్టును 4-3తో గెలిపించారు.

కథ ఇక్కడ ఆగితే మన సాక్ష్య కూటాలకు చక్కగా సరిపోతుంది. మైకు చేతికిచ్చి, హల్లెలూయా అనిపించి కూర్చోబెడతాం. కానీ ఐదు రోజులకే, ఆగస్టు 15న మాంట్రియల్‌లో, ఆరో ఇన్నింగ్స్‌లో బంతి విసురుతుండగా ఆ చేతి ఎముక విరిగి డేవ్ కుప్పకూలారు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఆ మ్యాచ్ జెయింట్స్‌దే, రికార్డుల్లో విజయం డేవ్ పేరిటే ఉంది. మళ్లీ ఆయన ఆడలేదు. అక్టోబరులో జట్టు సంబరాల మధ్య అదే చెయ్యి మరోసారి విరిగింది. కణితి తిరగబెట్టింది. 1991 జూన్ 18న ఎడమ చేతిని భుజంతో సహా తొలగించారు.

మరి ఆగస్టు 10న ఉన్న దేవుడు 15న లేడా? ఈ ప్రశ్న మన సంఘాల్లో వెనుక బెంచీల మీద కూర్చుని ఉంటుంది. మనం తేలిగ్గా అనేసే జవాబు, 'విశ్వాసం చాల్లేదు'. రోగిని ఇంతకంటే గాయపరిచే మాట మరొకటి లేదు. తన శరీరంలోని ముల్లు తొలగించమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది. పౌలు విశ్వాసాన్ని తూకం వేసేదెవరు? యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా పక్కన కూర్చున్నంతసేపూ మంచి కాపరులే. నోరు విప్పాకే చెడ్డారు.

డేవ్ కోపాన్నీ నిస్పృహనూ అనుభవించారు. భార్య జాన్ తీవ్రమైన డిప్రెషన్‌లో కూరుకుపోయారు. దంపతులిద్దరూ అదేమీ దాచలేదు. క్యాన్సర్ రోగుల కోసం, కాళ్లూ చేతులూ కోల్పోయినవారి కోసం పరిచర్య ప్రారంభించారు. మైదానానికి తిరిగొచ్చిన సంగతి మీద డేవ్ 1990లో 'కమ్‌బ్యాక్' అనే పుస్తకం తెచ్చారు. 1992లో భార్యతో కలిసి తెచ్చిన పుస్తకం పేరు 'వెన్ యు కాంట్ కమ్ బ్యాక్', అంటే 'తిరిగి రాలేనప్పుడు'. ఆసుపత్రిలో ఉన్న విశ్వాసిని చూడ్డానికి వెళ్లేటప్పుడు నేనైతే ఈ రెండోదే పట్టుకెళ్తాను.