గడి గడికీ గింజ రెట్టింపు

చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును అడిగిన ధాన్యం ఎంత? ధాన్యపు గిన్నె అనిపించుకున్న ఛత్తీస్‌గఢ్ పంటతో పలకలో ఎన్ని గడులు నిండుతాయి? రాయపూర్‌లో వేసి చూసిన లెక్క ఇది

పేరులోనే 36 కోటలున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. శివనాథ్ నదికి ఉత్తరాన రతన్‌పూర్ కింద 18, దక్షిణాన రాయపూర్ కింద 18. కలచురి రాజులనాటి ఈ గఢ్‌ల లెక్క నుంచే రాష్ట్రానికి ఆ పేరొచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. తెలంగాణలో దొరగారి కోటలాంటి ఇంటినీ గడి అనే అంటారు. చదరంగం పలక మీదుండేవీ గడులే. అవి 64. ఈ 64 గడుల చుట్టూ ప్రపంచమంతా చెప్పుకొనే కథ ఒకటుంది. అందులో ఉన్నది ధాన్యం, రాజు, ముందూవెనకా చూడని ఒక వాగ్దానం. ఈ మూడూ రాయపూర్‌కు బాగా తెలిసినవే.

కథ చాలామంది విన్నదే. సిస్సా అనే పండితుడు చదరంగం కనిపెట్టి రాజుకు చూపించాడు. రాజు మురిసిపోయి ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టింపు చేస్తూ 64 గడులకూ గింజలిస్తే చాలన్నాడు సిస్సా. ఇంతేనా అని రాజు నవ్వాడు. కాసేపటికి కొలువులో లెక్కలు చూసేవాళ్ళు వచ్చి, రాజ్యంలో అంత ధాన్యం లేదని చెప్పారు. పాత్రలు భారతీయులే అయినా ఈ కథను రాతలో నిలిపింది ఎక్కువగా అరబ్బీ భాషలో రాసినవాళ్ళే. 13వ శతాబ్దానికి చెందిన ఇబ్న్ ఖల్లికాన్ తన జీవిత చరిత్రల కోశంలో దీన్ని రాశాడు. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే అల్ బెరూనీ మొత్తం గింజల లెక్కను తప్పు లేకుండా కట్టాడు. ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. మొత్తం ఇరవై అంకెలు.

కేరళలో ఇదే కథ గుడి ప్రసాదంగా మారింది. అంబలప్పుళలో చెంబకశ్శేరి రాజుతో ముసలి సన్యాసి వేషంలో చదరంగం ఆడి గెలిచినవాడు సాక్షాత్తూ కృష్ణుడట. బియ్యం బాకీ తీర్చలేక రాజు చేతులెత్తేస్తే, వాయిదాల పద్ధతిలో తీర్చమని స్వామి కరుణించాడట. ఆ గుడిలో ఇప్పటికీ భక్తులకు పెట్టే పాలపాయసం ఆ బాకీ కిందిదేనని అక్కడివాళ్ళ నమ్మకం.

ఇరవై అంకెల సంఖ్య చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకే దాన్ని రాయపూర్ తూకంలోకి దించాలి. వెయ్యి వడ్ల గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుందాం. పదో గడిలో పడేవి 512 గింజలు, 13 గ్రాములైనా ఉండవు. పదహారో గడికి ముప్పాతిక కిలో దాటుతుంది. రాజు ఇంకా నవ్వుతూనే ఉంటాడు. ఛత్తీస్‌గఢ్ కొనుగోలు కేంద్రాల్లో వడ్లను 40 కిలోల బస్తాల్లో తూస్తారు. 22వ గడి ఒక్కటే బస్తాను దాటి 52 కిలోలకు చేరుతుంది. అక్కడ రైతు నుంచి ఎకరానికి 21 క్వింటాళ్ళ దాకా కొంటారు. మొదటి 26 గడులకూ కలిపి కావలసింది దాదాపు 17 క్వింటాళ్ళు. 27వ గడి ఒక్కటే మళ్ళీ అంత అడుగుతుంది. అంటే ఒక ఎకరం రైతు 26వ గడి దగ్గరే ఆగిపోతాడు. పలకలో సగం, అంటే 32 గడులు నిండేసరికి 107 టన్నులు. ఇంతవరకూ పది పదకొండు లారీల సరుకే కాబట్టి రాజుకు దిగులు లేదు. అసలు కథ రెండో సగంలో ఉంది.

2024-25 ఖరీఫ్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రైతుల నుంచి కొన్న ధాన్యం 149.25 లక్షల టన్నులు. రాష్ట్ర చరిత్రలో అప్పటికి అదే రికార్డు. పాతిక లక్షల మందికి పైగా రైతులు తెచ్చి పోసిన ఆ రాశినంతా పలక మీద పరిస్తే సరిగ్గా 49వ గడి నిండుతుంది. 49 గడులకూ కలిపి 141 లక్షల టన్నులు ఖర్చయి, చేతిలో ఎనిమిది లక్షల పైచిలుకు టన్నులు మిగులుతాయి. 50వ గడికి మళ్ళీ 141 లక్షల టన్నులు కావాలి. ఇంకా 15 గడులు ఖాళీ. సిస్సా బాకీ పూర్తిగా తీరాలంటే ఛత్తీస్‌గఢ్ అదే రికార్డు స్థాయిలో దాదాపు 30,900 ఏళ్ళు ధాన్యం కొని ఇస్తూ ఉండాలి.

ఏ రకం గింజ తీసుకున్నారని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భద్రపరచిన వరి రకాలే 23 వేల పైచిలుకు. అందులో గణనీయమైన భాగం 1970లలో ఊరూరా తిరిగి విత్తనాలు సేకరింపజేసిన శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా చలవ. ఛత్తీస్‌గఢ్ పొలాల్లో బాగా కనిపించే స్వర్ణ మన గోదావరి జిల్లా సరుకే. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 అది. స్వర్ణ గింజ చిన్నది, రాయపూర్ విశ్వవిద్యాలయం తయారుచేసిన మహామాయ గింజ లావు. అయితే తమాషా ఏమిటంటే స్వర్ణ పోసినా ఆగేది 49 దగ్గరే. మహామాయ పోస్తే 48 దగ్గర. అంతకుమించి తేడా లేదు. రాష్ట్రంలో పంట రాత్రికి రాత్రి రెట్టింపైనా రాజు ముందుకు జరిగేది ఒక్క గడే. రెట్టింపుల లెక్కతో పేచీ ఇక్కడే.

కథలో రాజు ధాన్యం లేక ఓడిపోయాడు. రాయపూర్‌లో పరిస్థితి తిరగబడింది. 2023 నవంబర్ ఎన్నికల్లో కాంగ్రెస్ క్వింటాల్‌కు రూ. 3,200 చొప్పున ఎకరానికి 20 క్వింటాళ్ళు కొంటామంది. బీజేపీ రూ. 3,100 చొప్పున 21 క్వింటాళ్ళు కొంటామంది. బీజేపీ గెలిచింది, చెప్పిన ధర ఇచ్చింది. 2024-25లో సాధారణ రకానికి కేంద్రం మద్దతు ధర రూ. 2,300. పైన ఇవ్వవలసిన రూ. 800 రాష్ట్రానిది. 149 లక్షల టన్నులకు ఆ తేడా ఒక్కటే 12 వేల కోట్ల రూపాయలకు దగ్గరవుతుంది. పైగా కొన్న ధాన్యమంతా కేంద్ర నిల్వలకు పోలేదు. మిగులును 2025లో వేలానికి పెట్టాల్సి వచ్చింది, అదీ కొన్న ధరకు బాగా తక్కువకు. గింజలు చాలక చేతులెత్తేసిన రాజు కథ అందరికీ తెలుసు. గింజలు ఎక్కువై ఎక్కడ పెట్టాలో తెలియని రాజు కథ ఇంకా ఎవరూ రాయలేదు. రైతు వైపు నుంచి చూస్తే మాత్రం ఇందులో నవ్వులాట లేదు. ఆ రూ. 800తోనే చాలా ఇళ్ళలో అప్పు తీరుతుంది.

పలక మీద పావుల పేర్లకూ రాయపూర్‌లో ఓ తమాషా ఉంది. 1931లో పూర్తయిన విజయనగరం రైలు మార్గం, ఆ తర్వాత పక్కనే వెలిసిన భిలాయి ఉక్కు కర్మాగారం చాలా తెలుగు కుటుంబాలను ఈ ప్రాంతానికి చేర్చాయి. ఆ ఇళ్ళ పిల్లలకు ఇంట్లో శకటు, వీధిలో ఊంట్. పావు ఒకటే. తెలుగులో అది బండి, హిందీలో ఒంటె. రథ గజ తురగ పదాతుల్లోని రథం జాడ శకటు అన్న మాటలో వినిపిస్తూనే ఉంది. ఏనుగు మాత్రం రెండు చోట్లా ఏనుగే. బెంగాల్ వెళితే అది పడవ, ఇంగ్లాండ్ చేరేసరికి కోట. మన మంత్రి యూరప్‌లో రాణి అయింది. 15వ శతాబ్దం చివరి దాకా మూలగా ఒక్కో గడి నడిచిన ఈ పావుకు పలకంతా తిరిగే బలం అక్కడే వచ్చింది.

రాయపూర్‌లో 2022 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి ట్రోఫీ పేరిట అంతర్జాతీయ గ్రాండ్‌మాస్టర్ టోర్నీ జరిగింది. అలాంటి పోటీల్లో బల్లల మీద ఉండేవి ఇంగ్లిష్ నమూనా పావులు. అంటే ఏనుగు ఉండదు, ఆ మూలన కోట ఉంటుంది. 36 కోటల రాష్ట్రంలో ఒక్కో బల్లకు మరో నాలుగు.

సిస్సా చివరికి ఏమయ్యాడన్నది చెప్పేవాళ్ళను బట్టి మారుతుంది. ఒక కథలో మంత్రి అయ్యాడు, ఇంకో కథలో తల పోగొట్టుకున్నాడు. మూడో కథలో ఒక తెలివైన అధికారి రాజుకు ఉపాయం చెబుతాడు. కోరిక ఒప్పుకోండి, కాకపోతే గింజలు తనే ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుని తీసుకోవాలనండి అని. రాత్రింబవళ్ళు సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టినా సిస్సాకు 58 వేల కోట్ల ఏళ్ళు పడుతుంది.