నీళ్లలో మునిగే తీగ

కరెంటు తీగ నీళ్లలో ఉండాలంటే పైన ఏం తొడగాలి? 1839లో కలకత్తాలో విలియం ఓషాఘ్నెస్సీ అనే డాక్టరు తారు పట్టించిన నూలు చుట్టి, హుగ్లీ నది అడుగు నుంచి టెలిగ్రాఫ్ సంకేతాలు పంపించాడు. సంకేతాలైతే అందాయి గానీ, నూలూ తారూ సముద్రానికి ఆగే సరుకు కాదు.

ఆగే సరుకు మలయా అడవుల్లో దొరికింది. అక్కడి ఒక చెట్టు పాలు గడ్డకడితే గట్టా పెర్చా. వేన్నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది, చల్లారితే బిగుసుకుంటుంది. 1847లో వెర్నర్ సీమెన్స్ దాన్ని రాగితీగ మీద అతుకు లేకుండా ఒత్తే యంత్రం తయారుచేశాడు. మరుసటి ఏడాది శాస్త్రవేత్త ఫారడే గట్టా పెర్చా ఇన్సులేషన్ గుణాన్ని మెచ్చుకుంటూ రాశాడు. 1851లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రం అడుగున కేబుల్ పడింది.

గట్టా పెర్చాది విచిత్రమైన తత్వం. ఎండా గాలీ తగిలితే పెళుసెక్కి పగిలిపోతుంది; చల్లటి సముద్రం అడుగున మాత్రం దశాబ్దాలపాటు చెక్కుచెదరదు. 1858 నాటి అట్లాంటిక్ కేబుల్‌కు ఒడ్డునే దెబ్బ తగిలింది. ఆరుబయట ఎండకు పెట్టడంతో తొడుగు మెత్తబడి, లోపలి రాగి అక్కడక్కడా ఓ పక్కకు జరిగింది. అలా తొడుగు పలచబడ్డ తీగకు, కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ సుమారు రెండు వేల వోల్టులు ఎక్కించాడు. కొన్ని వారాలకే కేబుల్ మూగబోయింది. నింద మొత్తం ఆయన నెత్తిన పడింది గానీ, నన్నడిగితే సగం పాపం ఎండదే. ఇప్పుడు గట్టా పెర్చా ఎక్కువగా కనిపించేది పళ్ల డాక్టర్ల దగ్గర. రూట్ కెనాల్‌లో నింపేది అదే.

కేబుళ్లలో దాని చోటును పాలిథిన్ తీసుకుంది. 1933లో బ్రిటిష్ రసాయనాల కంపెనీ ఐసీఐ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్‌లకు అనుకోకుండా దొరికిన పదార్థమిది. నీటిని దాదాపు పీల్చదు. ఇక దిగుల్లేదనుకుంటే, నీళ్లలో ఉంచిన పాలిథిన్ తీగలు ఎలా చెడుతున్నాయో 1969లో జపాన్ పరిశోధకుడు మియాషితా బయటపెట్టాడు. నీళ్లు దూరడానికి చిల్లు అక్కర్లేదు. ఏసీ వోల్టేజీ ఒత్తిడికి తేమ ప్లాస్టిక్ లోపలే, కంటికి ఆనని ఖాళీల వెంట కొమ్మలూ రెమ్మలుగా పాకుతుంది. దీనికి వాటర్ ట్రీ అని పేరు. వేల వోల్టుల కేబుళ్లకు పెద్ద బెడద ఇది.

మన త్రీఫేజ్ బోరు మోటారుకు వచ్చేది 415 వోల్టులే. కానీ నీళ్లు నింపే రకం సబ్‌మెర్సిబుల్‌లో వైండింగే నీళ్లలో మునిగి ఉంటుంది. దించే ముందు మెకానిక్ మోటారులో మంచినీళ్లు పోసేది అందుకే. ఫ్యాన్లలో వాడే ఎనామిల్ తీగ ఇక్కడ పనికిరాదు. ఆ పలచటి పూతలో సూదిమొనంత లోపమున్నా నీళ్లు రాగిని తాకుతాయి. అందుకని రాగి మీద పాలియెస్టర్ ఫిల్ము, దానిపైన పాలీప్రొపిలీన్ టేపు చుట్టిన తీగ వాడతారు. ఇలాంటి తీగలకు ఐఎస్ 8783 అనే ప్రమాణం ఉంది. అయినా రీవైండింగ్‌లో తీగను చేత్తో లాగుతున్నప్పుడు స్లాటు అంచు గీసుకుంటే చాలు, ఆ చుట్టంతా దండగ. మోటారు తీగకూ పైకి వచ్చే ఫ్లాట్ కేబుల్‌కూ మధ్య జాయింటు ఇంకో బలహీనమైన చోటు. టేపు చుట్టాక ఆ జాయింటును బకెట్టు నీళ్లలో ముంచి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూసి దించమనండి. పైపులన్నీ మళ్లీ పైకి లాగించే ఖర్చుతో పోలిస్తే ఆ కాసేపు ఆగడం నష్టమేమీ కాదు.