ఫోకస్ లోతును పెంచిన శంకు కటకం

మైక్రోస్కోప్ కింద కఫం నమూనా చూసే ల్యాబ్ టెక్నీషియన్ చెయ్యి ఫోకస్ మరను వదలదు. ఒక పొర తేటపడితే కింది పొర మసకబారుతుంది. కటకం ఎంత విశాలమైన కోణంలో కాంతిని కూడగడితే అంత సన్నని వివరం కనిపిస్తుంది. కానీ వివరం రెట్టింపు కావాలంటే ఫోకస్ నిలిచే లోతు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆకుపచ్చ లేజర్‌తో అర మైక్రాన్ వివరం కోరితే దక్కే లోతు సుమారు 2 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం అడ్డుకొలతే 7–8 మైక్రాన్లు.

దీనికి విరుగుడైన గాజుముక్క 1954 నాటిది. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో, ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో జాన్ మెక్‌లియోడ్ శంకువు ఆకారపు కటకాన్ని వర్ణించి, దానికి యాక్సికాన్ అని పేరు పెట్టాడు. మామూలు కటకం కాంతిని ఒక బిందువు దగ్గరికి చేరిస్తే, ఇది ఒక గీత పొడవునా చేరుస్తుంది.

1987లో అదే నగరంలోని విశ్వవిద్యాలయంలో డర్నిన్, మిచెలి, ఎబర్లీ సన్నని వలయాకారపు చీలిక గుండా లేజర్‌ను పంపి బెస్సెల్ పుంజాన్ని చూపారు. బిట్రగుంట నుంచి కావలి దాకా రెండు పట్టాల మధ్య ఎడం మారనట్టే, ఆ పుంజపు నడిమి గీత కొంతదూరం వరకు లావెక్కదు. దారిలో ఏ కణమైనా అడ్డొస్తే, దాన్ని దాటాక పుంజం మళ్ళీ కూడుకుంటుంది. చీలిక చాలా కాంతిని ఆపేస్తుంది. యాక్సికాన్ అంత వృథా చేయకుండా అదే పుంజాన్ని ఇస్తుంది.

జీవశాస్త్రానికి ఇది గొప్ప వరమైంది. 2002లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు, కంటిపొరలను చూసేందుకు వైద్యులు వాడే ఓసీటీ పద్ధతికి యాక్సికాన్‌ను జోడించి, 10 మైక్రాన్ల వివరాన్ని 6 మిల్లీమీటర్ల లోతు వరకు నిలిపారు. 2017లో శాస్త్రజ్ఞురాలు నా జీ బృందం బెస్సెల్ పుంజంతో మెదడులోని నాడీకణాల సందడిని పొర తర్వాత పొరగా కాకుండా, పొరలన్నిటిలో ఒకేసారి పట్టుకుంది. జీవకణం మన కోసం ఆగదు కాబట్టి ఆ వేగం అమూల్యం.

అయితే నడిమి గీత చుట్టూ ఉండే వలయాలు కాంతిని పంచుకుని చిత్రాన్ని మసకపరుస్తాయి. రెండు ఫోటాన్లు కలిసి అణువును మెరిపించే పద్ధతిలో వెలుగు తీవ్రత వర్గానికి తగ్గట్టు మెరుపు పుడుతుంది గనుక బలహీనమైన వలయాలు చాలావరకు అణగిపోతాయి. కటకం ద్వారంలో కాంతిని చోటును బట్టి పలచబరిచి వలయాలను తగ్గించే అపోడైజేషన్ మీద ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం ఏళ్ళ తరబడి పరిశోధించింది.

కాంతి నియమాన్ని ఎవరూ దాటలేదు. సన్నని వివరానికి చెల్లించే మూల్యాన్ని లోతు నుంచి వలయాలకు మార్చారు. ఆ మార్పుకు కావలసింది ఒక గాజు శంకువు, ఒక చిన్న లేజర్. మన డిగ్రీ కళాశాలల ప్రయోగశాలల్లో విద్యార్థులు ఈ పుంజాన్ని స్వయంగా పుట్టించి చూడాలి.